వెసులుబాటు ఎవరికి?

ఇంగ్లండులో సెలవులకి అద్దెకిచ్చే చిన్న ఇళ్ళకి, అంటే కాటేజీలకి, ఒక పాత ఆనవాయితీ ఉంది. శనివారం రావాలి, శనివారం వెళ్ళాలి. ఉదయం పదింటికల్లా ఉన్నవాళ్ళు ఖాళీ చెయ్యాలి. సాయంత్రం నాలుగింటికి కొత్తవాళ్ళు తాళం తీసుకుంటారు. ఆ రోజుని వాళ్ళు ‘చేంజోవర్ డే’ అంటారు. పది నుంచి నాలుగు దాకా ఉన్న ఆ ఆరు గంటల్లో ఒక కుటుంబం వారం రోజులు తిని, పడుకుని, స్నానాలు చేసి, పోట్లాడుకుని వదిలిన ఇల్లు, ఎవరూ ఎప్పుడూ ఉండని ఇల్లులా తయారవ్వాలి. అది దానంతటదే తయారవదని ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

శనివారమే ఎందుకు? దాని వెనక మిల్లు కార్మికుల చరిత్ర ఉంది. లాంకషైర్ నేత మిల్లులు వేసవిలో ఒక్కో ఊళ్ళో ఒక్కో వారం మూసేవాళ్ళు. ‘వేక్స్ వీక్’ అనేవాళ్ళు దాన్ని. ఆ వారం ఊరికి ఊరే రైలెక్కి బ్లాక్‌పూల్ లాంటి సముద్రపు ఊళ్ళకి పోయేది. 1938లో జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చాక ఇంకా ఎక్కువమంది వెళ్ళగలిగారు. మిల్లు వారంతో పాటు మొదలై వారంతో పాటు అయిపోయే సెలవు కాబట్టి, శనివారం దిగి శనివారం ఎక్కేవాళ్ళు. వాళ్ళకి గదులిచ్చి వండిపెట్టింది ఎక్కువగా ఆడవాళ్ళే. బ్లాక్‌పూల్ ‘లాండ్‌లేడీ’ గురించి ఇంగ్లీషువాళ్ళు చెప్పుకునే జోకులకి లెక్కలేదు. ఆవిడ గయ్యాళిదని, పిసినారిదని, భోజనానికీ భోజనానికీ మధ్య అతిథుల్ని ఇంట్లో ఉండనివ్వదని. ఉండనిస్తే ఆ పక్కలు ఎప్పుడు సర్దాలి, ఆ వంట ఎప్పుడు చెయ్యాలి అని జోకులేసినవాళ్ళెవరూ అడగలేదు. జాన్ వాల్టన్ అనే చరిత్రకారుడు 1978లో ఈ లాండ్‌లేడీల మీద ఒక పుస్తకమే రాశాడు. నవ్వుకోవడానికి తప్ప పనికిరాని మనుషులనుకున్నవాళ్ళకి చరిత్ర ఉందని అప్పుడు కొంతమందికైనా తెలిసింది.

మిల్లులు పోయాయి. శనివారం మిగిలింది. కానీ క్రిస్మస్ దగ్గరికొచ్చేసరికి ఈ శనివారానికి చిక్కొస్తుంది. పండగ తేదీ మారదు, వారం మారుతుంది. 2021లో 25వ తేదీ సరిగ్గా శనివారమే పడింది. మరుసటేడు ఆదివారం, 2023లో సోమవారం, 2024 లీపు సంవత్సరం కాబట్టి ఒక రోజు దాటేసి బుధవారం, 2025లో గురువారం. సోమవారం పండగైతే శనివారం నుంచి శనివారం దాకా తీసుకున్నవాళ్ళు పండగకి ముందు ఒక్క రోజే ఉంటారు. శనివారమే పండగైతే సరేసరి, పండగ పొద్దున్నే పెట్టె సర్దుకుని బయటికి నడవాలి. అందుకని ఇంటివాళ్ళు పండగ రెండు వారాలూ శనివారాన్ని పక్కనపెట్టి, ఏ రోజైనా రండి, ఏ రోజైనా వెళ్ళండి, మూడు రాత్రులుంటారా, నాలుగుంటారా, మీ ఇష్టం అంటారు. ప్రకటనల్లో పెద్దక్షరాలతో వేస్తారు, ‘ఫ్లెక్సిబుల్ చేంజోవర్’ అని.

ఫ్లెక్సిబుల్ అనే మాటకి మనకి చక్కటి మాట ఉంది, వెసులుబాటు. దేనికో బిగుసుకుపోయి ఉన్నదాన్ని కాస్త సడలించుకోవడం. వినడానికి ఎంత హాయిగా ఉంటుందో! ఒకరికి సడలిన తాడు ఇంకొకరికి బిగుసుకుంటుందన్న సంగతి మాత్రం ఆ మాటలో వినిపించదు.

2023 డిసెంబరులో నేను లీడ్స్‌లో మా అక్క దగ్గరున్నాను. అక్క అక్కడ ఒక ఆసుపత్రి లాబ్‌లో షిఫ్టుల మీద పనిచేస్తుంది. రాత్రీ పగలూ రక్తపరీక్షలు ఆగవు కాబట్టి, పండక్కి లాబ్ మూతపడదు. అంతకు ముందు రెండు క్రిస్మస్‌లూ అక్క డ్యూటీలోనే ఉంది. ఆ ఏడు 22 శుక్రవారం నుంచి 26 మంగళవారం దాకా సెలవు దొరికింది. 27న మళ్ళీ నైట్ షిఫ్టు. క్రిస్మస్ రోజున ఇంగ్లండులో రైళ్ళు తిరగవు, బస్సులు దాదాపు తిరగవు, దుకాణాలు మూసేస్తారు. పండగ మనది కాకపోయినా ఊరంతా తలుపులేసుకుంటే ఎక్కడికని వెళ్తాం? అందుకే అక్కడి మనవాళ్ళు రెండు మూడు కుటుంబాలు కలిసి ఒక కాటేజీ తీసుకుని ఆ నాలుగు రోజులూ గడుపుతారు. శనివారాల లెక్కన అయితే అక్కకి ఏ ఇల్లూ దొరికేది కాదు. 22న చేరి 26న ఖాళీ చెయ్యొచ్చన్న ఇల్లు దొరికింది హావర్త్ దగ్గర, బ్రాంటీ అక్కచెల్లెళ్ళ ఊరు. ఆంగ్ల సాహిత్యంలో డాక్టరేటు చేసినదాన్ని, నేను ఎగిరి గంతేశానని వేరే చెప్పాలా!

“నీకోసమే ఆ ఊరు చూశాను. నువ్వా మ్యూజియంలో కూచుంటే నేను కాళ్ళు చాపుకుని పడుకుంటా” అంది అక్క. పండగ రోజుల్లో మ్యూజియం తెరవలేదు. అక్క కాళ్ళు చాపుకుని పడుకోనూ లేదు.

ఎందుకంటే ఆ ఇల్లు ‘సెల్ఫ్ కేటరింగ్’. ఈ మాట చూసినప్పుడల్లా నాకు మన స్వయంపాకం గుర్తొస్తుంది. మా నాయనమ్మ తద్దినాల రోజున పురోహితుడికి బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు విస్తట్లో సర్ది ఇచ్చేది. స్వయంపాకం ఇచ్చాం అనేది. ఆ పురోహితుడు ఇంటికెళ్ళి ఆ బియ్యం ఎవరి చేతికిచ్చేవాడో వేరే చెప్పాలా? ‘స్వయం’ అనే మాట ఎప్పుడూ ఇలాగే మోసం చేస్తుంది. రెండు కుటుంబాలు, నలుగురు పిల్లలు, నేను. లీడ్స్ నుంచి ఇడ్లీపిండి డబ్బాలు, రెండు కుక్కర్లు, పోపులపెట్టె, పచ్చళ్ళు, సోనామసూరి సంచీ కారులో ఎక్కాయి. ఎక్కించింది బావగారు, నిజమే. ఏమేమి ఎక్కించాలో మూడు రోజులు తలలో పెట్టుకుని తిరిగింది అక్క. కొత్త వంటింట్లో ఏ గిన్నె ఎక్కడుందో తెలియదు, పొయ్యి మన చెయ్యికి అలవాటు లేదు. పులిహోర, మర్నాడు బిర్యానీ, ఆ మర్నాడు పిల్లలకోసం అక్కడి పద్ధతిలో ఒక కోడి. సాయంత్రం నాలుగు కాకుండానే చీకటి పడిపోయే ఊళ్ళో, మగవాళ్ళు కట్టెల పొయ్యి వెలిగించి దాని చుట్టూ కూచుని ఎంత బాగుంది అనుకుంటుంటే, మేం ముగ్గురు ఆడవాళ్ళం సింకు దగ్గర నిలబడి ఎంత బాగుంది అనుకున్నాం. బాగానే ఉంది కూడా. నవ్వుకున్నాం, పాటలు పాడుకున్నాం. సెలవులో ఆడవాళ్ళకి దొరికేది చాలాసార్లు చోటు మార్పే, పని మార్పు కాదు.

ఇక 26 ఉదయం. పదింటికి ఖాళీ చెయ్యాలి. ఏడింటికే అక్క లేచి బాత్రూములు కడగడం మొదలుపెట్టింది.

“శుభ్రం చెయ్యడానికి మనిషొస్తుంది కదక్కా! దానికీ డబ్బు తీసుకున్నారు కదా!” అన్నాను.

“ఊరుకోవే. మనవాళ్ళు ఇల్లు ఇలా పెట్టిపోయారంటారు. రేపింకో తెలుగువాళ్ళకి ఇస్తారా?” అంది.

ఒక దేశంలో పరాయివాళ్ళుగా ఉండే ఆడవాళ్ళ భుజాల మీద ఇంటిపేరుతో పాటు జాతి పేరు కూడా ఉంటుందని ఆ మాటతో తెలిసింది. తెల్లటి తువ్వాలు మీద పసుపు మరక పడింది. దాన్ని అక్క అరగంట తోమింది. పసుపు పోతుందా! చివరికి ఆ తువ్వాలు మడతపెట్టి, దాని మీద ఒక క్షమాపణ చీటీ, ఐదు పౌండ్ల నోటు పెట్టింది.

శుభ్రం చేసే ఆవిడ పదికి ఐదు నిమిషాల ముందే వచ్చింది. యాభై దాటిన మనిషి. ఆ రోజు బాక్సింగ్ డే, అక్కడ ప్రభుత్వ సెలవు దినం. ఆవిడుండే ఊరి నుంచి బస్సు లేదు. అల్లుడు కారులో దింపి వెళ్ళాడట. మా కారు ఒకటి మంచుకి స్టార్టవక, బావగారూ వాళ్ళూ దాంతో కుస్తీ పడుతున్న ముప్పావుగంటా నేను ఆవిడతో మాట్లాడాను. మాట్లాడానంటే, ఆవిడ దుప్పట్లు లాగుతుంటే నేను రెండో కొస పట్టుకున్నాను. వద్దనలేదు. ఆవిడ చేతులు చూస్తుంటే మాత్రం నా సాయం ఆవిడకి అడ్డమేనేమో అనిపించింది. మూడు పడక గదులు. అన్ని పక్కలూ విప్పి, కొత్త దుప్పట్లు వేసి, మూలలు మడిచి, పొయ్యిలో బూడిద ఎత్తి, ఓవెన్ తోమి, గ్లాసులు లెక్కపెట్టి, కార్పెట్‌లో ఇరుక్కున్న క్రిస్మస్ చెట్టు సూదులు ఏరి, కొత్తవాళ్ళకి పాలు, టీ పొడి, మిన్స్ పైలు ట్రేలో సర్దాలి. సెలవు కాబట్టి దుప్పట్లు ఉతికే లాండ్రీ లేదు. ఆ మూటలన్నీ ఇంటికి తీసుకెళ్ళి తనే ఉతుక్కోవాలి.

ఆవిడకి జీతం గంటల లెక్కన కాదు, ఇంటికింత. ఇల్లు మురికిగా ఉంటే నష్టం ఆవిడది. అప్పటికి ఆ దేశంలో 23 ఏళ్ళు దాటినవాళ్ళకి గంటకి 10 పౌండ్ల 42 పెన్నీల కనీస వేతనం ఉంది. కానీ ఇంటికింత అని స్వయం ఉపాధి కింద రాసుకున్నవాళ్ళకి అది వర్తించదు. చూశారా, ఇక్కడా ‘స్వయం’! సెలవు దినాన పనిచేస్తే ఎక్కువివ్వాలని కూడా ఆ దేశపు చట్టంలో లేదు. ఉద్యోగ ఒప్పందంలో రాసి ఉంటేనే. ఆవిడకి ఒప్పందమే లేదు.

“ఇరవై ఏళ్ళు శనివారాలు చేశానమ్మా. మా ఇంట్లో శనివారం నేనుండనని అందరికీ తెలుసు. మా పిల్లలు శనివారం పెళ్ళిళ్ళకి కూడా నన్ను లెక్కలో వేసుకునేవాళ్ళు కాదు. కానీ ఆదివారం నాది. మా అమ్మ దగ్గరికి వెళ్ళేదాన్ని. ఇప్పుడు ఏ రోజు ఎవరొస్తారో ఫోన్‌లో వస్తుంది” అంది. చేసేవి నాలుగిళ్ళు. నాలుగిళ్ళకీ వెసులుబాటే. 22, 23, 26, 27, 29, 30... వేళ్ళ మీద చెప్పింది. బాక్సింగ్ డే రోజు కూతురు కుటుంబం భోజనానికి రావాలి. ఈ ఇంటికి 26న మార్పిడి పడిందని 27కి జరిపారు. తర్వాత ఇంకో ఇంటికి 27 పడింది.

“మా ఇంటికి క్రిస్మస్ ఇంకా రాలేదు” అని నవ్వింది.

నేనేమనాలో తెలియక, ఈ వెసులుబాటు పద్ధతి తీసేస్తే బాగుండును కదా అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. “జనవరి, ఫిబ్రవరి ఇక్కడ పనుండదు. ఈ రెండు వారాల డబ్బుతోనే నెట్టుకురావాలి. శనివారం శనివారం అంటే రెండే మార్పిళ్ళు. ఇలాగైతే నాలుగైదు. నాకు పని వద్దని కాదు. ముందు చెప్పమంటాను, అంతే.”

ఆ ‘ముందు చెప్పమంటాను’ అన్న మాట నాతో పాటు హైదరాబాదు దాకా వచ్చింది.

హావర్త్‌లో మ్యూజియం చూడలేకపోయినా, ఆ ఊరి ఏటవాలు రాళ్ళ వీధిలో రోజూ ఎక్కాను, దిగాను. ఆ వీధిలోనే 1836 డిసెంబరులో, మంచులో జారి పడి టాబీ కాలు విరిగింది. టాబీ అంటే టబితా ఐక్రాయిడ్, బ్రాంటీల ఇంట్లో వంటా పనీ చేసే మనిషి. తల్లి చచ్చిపోయిన ఆ ఇంటికి యాభై దాటిన వయసులో వచ్చి పిల్లల్ని సాకింది. టాబీ పడ్డప్పుడు షార్లెట్‌కి 20 ఏళ్ళు, ఎమిలీకి 18, యాన్‌కి 16. ఇంటి పెత్తనం చూసే పెద్దమ్మగారు, పనిచెయ్యలేని మనిషిని ఇంట్లో పెట్టుకుని ఎలా సాకుతాం, ఊళ్ళోనే ఉన్న తోబుట్టువు ఇంటికి పంపేద్దాం అంది. అక్కచెల్లెళ్ళు ఒప్పుకోలేదు. వాదించారు, ఫలితం లేకపోయింది. అప్పుడు తిండి మానేశారు. టాబీని ఇంట్లోనే ఉంచుతామని ఒప్పుకునేదాకా ముట్టలేదు. ఉంచుకున్నాక ఇంటిపని, టాబీ సేవ వాళ్ళే చేసుకున్నారు. ఎలిజబెత్ గాస్కెల్ 1857లో రాసిన షార్లెట్ జీవితచరిత్రలో ఈ సంగతి ఉంది.

సాహిత్య విద్యార్థులందరికీ తెలిసిన కథే ఇది. బ్రాంటీల మంచితనానికి ఉదాహరణగా చెప్తుంటారు. మేమూ అలాగే చదువుకున్నాం. కానీ అందులో ఎవరూ పట్టించుకోని వివరం ఒకటుంది. ఆ సెలవులకి షార్లెట్ స్నేహితురాలు ఎలెన్ నస్సీ హావర్త్‌కి అతిథిగా రావాలి. డిసెంబరు 29న షార్లెట్ ఆమెకి ఉత్తరం రాసింది. టాబీకి ఇలా అయింది, ఇంటిపనంతా మామీద ఉంది, ఇప్పుడు రావద్దు అని. అంటే ఏమిటి? పనిమనిషి కాలు విరిగితే అతిథి రాక వాయిదా పడింది! పండగ వారంలో, పనిచేసే మనిషి శరీరాన్ని బట్టి అతిథి తేదీ మారింది. వెసులుబాటు అనే మాటకి ఇలాంటి అర్థం కూడా ఉండొచ్చని నాకు ఆ వీధిలో నడుస్తున్నప్పుడే తట్టింది. తేదీలు కదలడం కాదు సమస్య. ఎవరి కోసం కదులుతున్నాయన్నదే.

పదేళ్ళ తర్వాత షార్లెట్ రాసిన ‘జేన్ ఐర్’ (1847)లో కూడా ఒక క్రిస్మస్ శుభ్రత ఉంది. జేన్‌కి అనుకోకుండా ఇరవై వేల పౌండ్ల ఆస్తి వస్తుంది. దాన్ని నలుగురు పంచుకుంటారు. అక్కచెల్లెళ్ళు డయానా, మేరీ పరాయి ఇళ్ళలో గవర్నెస్ ఉద్యోగాలు వదిలేసి పండక్కి ఇంటికి వస్తున్నారు. వాళ్ళకోసం జేన్, పనిమనిషి హన్నా కలిసి ఇల్లంతా పైనుంచి కిందిదాకా కడుగుతారు, తుడుస్తారు, కేకులకి పళ్ళు తరుగుతారు. ఇంతకంటే గొప్ప పనులు చెయ్యాలి నువ్వు అని సెయింట్ జాన్ ముఖం చిట్లిస్తాడు. జేన్ పట్టించుకోదు. మనం ఇంటిచాకిరీ అని తిట్టుకునే పనిలో ఇంత ఆనందం ఎక్కడి నుంచి వచ్చిందని విద్యార్థులు నన్ను అడుగుతుంటారు. ఇప్పుడైతే జవాబు సులువుగా చెప్పగలను. డబ్బు ఆమెది. రోజు ఆమె నిర్ణయించుకున్నది. రాబోయేవాళ్ళు ఆమె ప్రేమించేవాళ్ళు. ఆ సందడిలో హన్నా కూడా మురిసిపోయిందని ఉంటుంది నవలలో. కాకపోతే ఆ సంగతి చెప్పేది జేనే. హన్నాని అడిగినవాళ్ళు లేరు.

అడగకపోవడం ఇక్కడితో ఆగలేదు. వర్జీనియా ఊల్ఫ్ ‘టు ది లైట్‌హౌస్’ (1927)లో సముద్రం ఒడ్డున సెలవుల ఇల్లు పదేళ్ళు పాడుపడి ఉంటుంది. ఆ పదేళ్ళలో యుద్ధం, చావులు. మిసెస్ మెక్‌నాబ్ అనే ముసలావిడ అప్పుడప్పుడూ వచ్చి దుమ్ము దులుపుతుంటుంది. ఒకరోజు ఉన్నట్టుండి ఉత్తరం వస్తుంది, వాళ్ళు వస్తున్నారు, ఇల్లు వెంటనే సిద్ధం చెయ్యమని. డెబ్బై ఏళ్ళ మెక్‌నాబ్, ఆమెతో పాటు మిసెస్ బాస్ట్, కుళ్ళిపోతున్న ఇంటిని చీపుర్లతో, బకెట్లతో వెనక్కి లాక్కొస్తారు. ఆధునిక నవల చరిత్రలో ఆ భాగం గురించి, కాలాన్ని ఊల్ఫ్ చిత్రించిన తీరు గురించి ఎన్ని సిద్ధాంత గ్రంథాలు వచ్చాయో లెక్కలేదు. నేనూ నా థీసిస్‌లో ఒక అధ్యాయం రాశాను. ఆ ఉత్తరం ఎంత ముందుగా వచ్చిందన్నది ఆ చర్చల్లో పెద్దగా రాదు. ఊల్ఫ్ ఇంట్లో పనిచేసిన ఆడవాళ్ళ జీవితాలని వెతికి అలిసన్ లైట్ 2007లో ‘మిసెస్ ఊల్ఫ్ అండ్ ది సర్వెంట్స్’ రాసేదాకా, సొంత గదిని ఊడ్చేదెవరన్న ప్రశ్నని మనలో చాలామందిమి గట్టిగా వేసుకోలేదు. ఏడాదికి ఐదువందల పౌండ్లు, తాళం వేసుకోవడానికి ఒక గది అని మనం ఎన్ని సభల్లో చెప్పుకున్నామో! ఆ గదికీ ఒక మార్పిడి రోజుంటుంది.

స్త్రీవాదులుగా మనం వెసులుబాటుని కోరుకున్నవాళ్ళమే. పిల్లల బడి వేళలకి తగ్గ పనిగంటలు, ఇంటి నుంచి పని, ప్రసూతి తర్వాత నెమ్మదిగా వెనక్కొచ్చే వీలు. ఫాక్టరీ సైరన్‌లా బిగుసుకుపోయిన పనిదినం మగవాడి జీవితానికి కొలిచి కుట్టిందని అన్నాం. అది నిజం. ఆ కోరికని మార్కెట్ మన నోట్లోంచి లాక్కుని, తిప్పి మనకే అమ్మింది. పనివేళలు మన జీవితానికి అనుగుణంగా వంగాలని మనమంటే, మన జీవితాలు పనివేళలకి అనుగుణంగా వంగాలన్న అర్థం తీసింది. పాత శనివారం కఠినమైనదే కావచ్చు. కానీ ఆ కఠినత్వం వెనక ఆవిడకి ఒక ఆదివారం దాక్కుని ఉండేది.

ఇది ఎక్కడో ఇంగ్లండు పల్లెలో ఒకావిడ కష్టం మాత్రమే అయితే నేనింత దూరం రాసేదాన్ని కాదు. మన కాలేజీల్లో నాలాంటివాళ్ళకి ఏం పేరు పెట్టారో చూడండి, గెస్ట్ ఫాకల్టీ. అతిథి అధ్యాపకులు. పీరియడ్‌కి ఇంత. పీరియడ్ లేకపోతే లేదు. దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు అందరికీ పండగ, మాకు జీతం కోత. మర్నాడు ఏ క్లాసో ముందు రోజు రాత్రి వాట్సాప్‌లో వస్తుంది. మా విభాగంలో నాతో పాటు అతిథులుగా ఉన్న ఆరుగురిలో ఐదుగురు ఆడవాళ్ళం. “మీకు ఇంట్లో పనులుంటాయి కదమ్మా, ఈ పద్ధతే మీకు వెసులుబాటు” అని ఒక పెద్దమనిషి మాకు నచ్చచెప్పాడు కూడా. కాటేజీలో అతిథి అంటే తనిష్టమొచ్చిన రోజు వచ్చి ఇష్టమొచ్చిన రోజు వెళ్ళేవాడు. కాలేజీలో అతిథి అంటే ఎప్పుడు రమ్మంటే అప్పుడు వచ్చి, వద్దన్న రోజున వెళ్ళిపోవాల్సిన మనిషి. ఒకే మాట! ఎవరికి ఏ అర్థం దక్కుతుందో నిర్ణయించేది నిఘంటువు కాదు.

అలాగని ఆవిడా నేనూ ఒకటే అని తేల్చెయ్యడం న్యాయం కాదు. నేను నిద్రపోయిన దుప్పటి ఆవిడ ఉతికింది. నా థీసిస్‌లో ఆవిడ పూర్వీకురాలు ఉంది, ఆవిడ రోజులో నా థీసిస్ లేదు. ఇక్కడ మా అమ్మ ఇంటికొచ్చే పనమ్మాయికి సంక్రాంతి ముందు వారం బూజులు దులపడం, సామాన్లు దించి తోమడం, గచ్చులు కడగడం అన్నీ అదనం. జీతంలో అదనం ఉండదు, ఒక చీర ఉంటుంది. ఆ అమ్మాయి తన ఇంటి బూజు ఎప్పుడు దులుపుకుంటుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మరి ఏం చెయ్యాలి? శనివారాన్నే మళ్ళీ పట్టుకోవాలా? పట్టుకుంటే మా అక్కకి మూడో ఏడు కూడా సెలవు లేదు. ఇద్దరు ఆడవాళ్ళ పండగలు ఎదురెదురుగా నిలబెట్టి, ఎవరిది కొట్టేద్దాం అని అడగడం ఈ వ్యవస్థకి బాగా అలవాటు. ఆ ఉచ్చులో మనం పడక్కర్లేదు. మా అక్క సంగతే చూడండి. ఆమెవీ పండగ పూట డ్యూటీలే. కానీ రోస్టరు వారాల ముందే గోడ మీద ఉంటుంది. సెలవు దినాన పనిచేస్తే అదనపు జీతం వస్తుంది. ఒక ఏడు చేసినవాళ్ళకి మరుసటేడు ముందు అవకాశం ఇవ్వాలని లాబ్‌లో వాళ్ళలో వాళ్ళు రాసుకున్న మాట ఒకటుంది. ఇవేవీ ఎవరి దయా కాదు. యూనియన్లు పోట్లాడి, పక్కపక్కన నిలబడి పనిచేసేవాళ్ళు మాట్లాడుకుని సాధించుకున్నవి. శుభ్రం చేసే ఆవిడ నాలుగిళ్ళలో ఒంటరిగా పనిచేస్తుంది. ఆమె పక్కన ఇంకో మనిషి లేదు, గోడ మీద కాగితం లేదు. వెసులుబాటు అంటే అలుసుగా మారేది సరిగ్గా ఇక్కడే.

ఇంటివాళ్ళు అతిథికి తేదీలు ఎంచుకునే హక్కు ఇస్తున్నప్పుడు, శుభ్రం చేసే మనిషికి కొన్ని తేదీలు కొట్టేసే హక్కు ఎందుకివ్వకూడదు? 25, 26 తేదీల్లో మార్పిడి ఉండదని ముందే రాసెయ్యొచ్చు. బుకింగులు ఫలానా తేదీ దాకానే, ఆ తర్వాత మార్పులుండవని అక్టోబరులోనే ఆమెకి కాగితం మీద రాసివ్వొచ్చు. సెలవు దినాన ఇంటికి రెండింతలు ఇచ్చి, ఆ రెండో వంతు అతిథి బిల్లులో కనపడేలా వెయ్యొచ్చు. ‘శుభ్రత’ అని కాదు, ‘ఒక మనిషి పండగ’ అని. మేం 26న వెళ్ళగలిగిన సౌకర్యానికి ధర అదేనని తెలిస్తే మా అక్క ఇచ్చేది, అక్కడ పెట్టిన ఐదు పౌండ్ల నోటు చూస్తే నాకా నమ్మకం ఉంది. కొందరు ఇవ్వరు. ఇవ్వనివాళ్ళు శనివారం వెళ్తారు.

మనకీ ఇది దూరం కాదు. డిసెంబరు, జనవరి చలికి అరకు, లంబసింగిలో, సంక్రాంతికి కోనసీమలో హోమ్‌స్టేలకి జనం ఎగబడుతున్నారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి పండగ మూడు రోజులూ పల్లెటూరి ఇంట్లో ఉండి, అరిసెలు తిని, ముగ్గుల దగ్గర ఫోటోలు దిగి వెళ్తున్నారు. భోగి పొద్దున ఒకళ్ళు ఖాళీ చేసి, సాయంత్రానికి ఇంకొకళ్ళు దిగే గదిని మధ్యలో ఎవరు కడుగుతున్నారు? ఆ భోగికి వాళ్ళ ఇంటి ముందు ముగ్గు ఎవరు వేశారు? దీని మీద పనిచేసే పరిశోధక విద్యార్థులెవరైనా ఉంటే బాగుండును. కొత్త సిద్ధాంతం అక్కర్లేదు, రోజులూ గంటలూ ఒక నోటుబుక్కులో రాస్తే చాలు.

2026లో క్రిస్మస్ శుక్రవారం. ఆ పై ఏడు, 2027లో, మళ్ళీ శనివారమే. పాత ఆనవాయితీ ప్రకారం పండగ రోజే మార్పిడి రోజు. ఇంటివాళ్ళు ఎలాగూ ఆ ఒక్క రోజుని అటో ఇటో జరుపుతారు, అతిథులు పండగ పొద్దున పెట్టెలు సర్దుకోలేరు కాబట్టి. జరపడం కుదరదని ఎవరూ అనరు. కుదురుతుందని అందరికీ తెలుసు. ఎటు జరపాలో ముందుగా ఆవిడని అడుగుతారా అన్నదే నా ప్రశ్న.